అప్పన్న కుండలో పోసిన కల్లు

2023 ఫిబ్రవరిలో ఒక ఉదయం, కళింగపట్నానికి కాస్త ఇవతల ఉన్న ఒక తాటితోపులో, నేను నా అతిథులకు అబద్ధం చెప్పాను. రోడ్డు పక్క కొట్టులో కొనుక్కొచ్చిన కల్లును అప్పన్న అనే గీత కార్మికుడి కుండలో పోయించి, ఇది ఈయన చెట్టు నుంచి పొద్దున్నే దించిందని నమ్మబలికాను. అక్కడితో ఆగలేదు. అప్పన్న వచ్చి ఇది నాది కాదన్నప్పుడు, ఆయన మాటను మార్చి వాళ్లకు చెప్పాను. ఇరవై రెండేళ్లుగా ట్రావెల్స్ నడుపుతున్నాను. దారిలో బస్సులు ఆగిపోయాయి, బుక్ చేసిన గదులు వేరే వాళ్లకు ఇచ్చేశారు, ఒకసారి పెళ్లివారిని వేరే ఊరి కల్యాణ మండపానికి తీసుకెళ్లాను. అవన్నీ పొరపాట్లు. ఇది మాత్రం తప్పు. అయినా, నా వృత్తిలో దేన్ని తలుచుకుని గర్వపడతావు అని ఎవరైనా అడిగితే, ఆ తప్పు జరిగిన ప్రయాణాన్నే చెబుతాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఆఫీసు విజయనగరంలో ఉంది. అరసవల్లి, శ్రీకూర్మం యాత్రలు, అరకు బస్సులు, కాలేజీ విహారాలు మా రోజువారీ పని. ఈ పనికి గుండెకాయ ఐటినరరీ. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి అని రాసిన కాగితం అది. బయటి వాళ్లకు బస్సు కనిపిస్తుంది. మాకు ఆ కాగితమే బస్సు.

ఆ ముందటి నవంబరులో పుణే నుంచి వైశాలి గారు అనే ఆవిడ ఫోన్ చేశారు. పెద్ద హోటళ్లలో ఏ భోజనానికి ఏ వైన్ బాగుంటుందో చెప్పే ఉద్యోగులు ఉంటారు. వాళ్లను సొమెలియే అంటారు. ఈవిడ అలాంటి వాళ్లకు రుచి చూడటం నేర్పే టీచర్. ఏటా శిష్యులను తీసుకుని నాసిక్ ద్రాక్షతోటల్లో నాలుగు రోజుల టూర్ నడుపుతారట.

"అదే పద్ధతిలో మీ వైపు కల్లు టూర్ కావాలి. మందు పార్టీ కాదు. మేం తాగడానికి రావడం లేదు, తెలుసుకోవడానికి వస్తున్నాం" అన్నారు హిందీలో.

రెండో రోజు ఒక పేజీ నియమాలు పంపారు. రోజుకు రెండు చోట్లకు మించి వద్దు. తేలిక రుచి ముందు, గాఢమైనది తర్వాత. రుచి చూసే ముందు రెండు గంటలు కారం, మసాలా ఉన్న తిండి వద్దు. ఎవరూ సెంటు పూసుకోకూడదు. ప్రతి చోటా ఉమ్మడానికి ఒక బకెట్ ఉండాలి. ఈ చివరిది చదివి మా డ్రైవర్ రమణ ముక్కున వేలేసుకున్నాడు.

"ఉమ్మడానికేటి గురూగారూ? పుణే నుండి ఇక్కడి దాకా వచ్చి ఉమ్మేసి ఎలిపోతారా?"

"చదువుకున్న వాళ్లు రమణా, వాళ్ల పద్ధతి అది."

"అయితే ఆ బకెట్టు నాను పట్టుకుంటాన్లెండి" అన్నాడు.

ఆ ప్రణాళిక వేయడంలో నేను నిజంగా కష్టపడ్డాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ, కొండ అంచునూ మూడు రకాల కల్లు ఉంది. పల్లంలో ఈత కల్లు చలికాలానిది. సముద్రం ఒడ్డున తాటి కల్లు వేసవిది. సీతంపేట వైపు కొండల్లో జీలుగు కల్లు ఉంటుంది. ఈ మూడూ ఒకేసారి దొరికే రోజులు చాలా తక్కువ. ఈత ముగుస్తూ, తాడి మొదలవుతూ, జీలుగు మంచి ఊపు మీద ఉండే ఆ రోజులు ఫిబ్రవరిలో వస్తాయి. అది పట్టుకోవడానికి నాకు నెల పట్టింది. రెక్కీకి, అంటే ముందుగా వెళ్లి చూసి రావడానికి, స్కూటర్ మీద నాలుగుసార్లు తిరిగాను. మొదటి రోజు నెల్లిమర్ల దాటాక ఈత, రెండో రోజు కళింగపట్నం దగ్గర తాడి, మూడో రోజు సీతంపేట వైపు జీలుగు, నాలుగో రోజు భావనపాడు తీరంలో విశ్రాంతి. తేలిక నుంచి గాఢతకు, పల్లం నుంచి సముద్రానికి, సముద్రం నుంచి కొండకు. ఆ కాగితం చూసుకుని మురిసిపోయాను.

అప్పన్నను కలిసింది రెక్కీలోనే. నాకంటే పదేళ్లు పెద్ద. బక్కపలుచని మనిషి. చెట్టును కరచుకుని ఎక్కీ ఎక్కీ ఛాతీ మీద, మోకాళ్ల మీద చర్మం నల్లగా కాయలు కాచింది. ఆ పేటలో ఎవరిని అడిగినా ఆయన పేరే చెప్పారు. సముద్రం నుంచి పొద్దున్నే తిరిగొచ్చే పడవల వాళ్లు ఆయన కల్లు కోసం తోపు దాకా నడిచి వస్తారు. నీళ్లు కలపడు, తీపికి సాక్రీన్ కలపడు, నిన్నటిది నేటిదని ఇవ్వడు. ఆయనకున్న ఆస్తి ఆ మాటే.

"ఎన్నింటికి తెస్తావు బాబూ మీవోళ్లని?" అని అడిగాడు.

"తొమ్మిదింటికి తెస్తాను అప్పన్నా."

"తొమ్మిదింటికేటి, ఎండెక్కిపోతాది! నాను ఐదింటికి ఎక్కుతాను, ఆరింటికి దించుతాను. ఏడు దాకా అది కల్లు. ఆ తరవాత ఏటవుతాదో నా సేతిలో నేదు. ఆరింటికి తీసుకొచ్చీయి."

"అలాగే" అన్నాను.

మా వృత్తిలో ఈ 'అలాగే' రోజుకు యాభైసార్లు అంటాం. అందులో సగం, ఎదుటి వాడి మాట అక్కడితో ఆపడానికి. ఇంటికొచ్చి కాగితం మీద తొమ్మిది అని రాసుకున్నాను. కారణం నాకప్పుడు సబబుగానే తోచింది. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని టిఫిన్ పెట్టకుండా గడప దాటించం. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన వాళ్లను, ఆడవాళ్లను, ఖాళీ కడుపుతో తెల్లారగట్ల తోపుల్లోకి తీసుకెళ్లడమా? రేపు మా గురించి ఏమనుకుంటారు? వైశాలి గారు కారం వద్దన్న నియమం నా టేబుల్ మీదే ఉంది. దాన్ని కూడా ఆవిడ మొహమాటం కిందే జమకట్టాను.

మొదటి రోజు బాగానే గడిచింది. ఎనిమిదిమంది వచ్చారు. ఈత కల్లు మధ్యాహ్నం లోపల చూపించాను. నోట్లో పోసుకుని, పుక్కిలించి, కళ్లు మూసుకుని, బకెట్‌లో ఉమ్ముతుంటే, అక్కడి గీత కార్మికుడి భార్య గౌరమ్మ మొహం మాడిపోయింది.

"ఓలమ్మ, ఏటిది! బాగోనేదేటమ్మా? బాగోకపోతే సెప్పండి, ఇంకో సెట్టుది తెస్తాడు. ఇలాగ మొకం మీద ఉమ్మీడమేటి?"

నేను సర్దిచెప్పాను. వైశాలి గారు విషయం తెలుసుకుని, లేచి గౌరమ్మకు దండం పెట్టి, తర్వాతి దొన్నె పూర్తిగా తాగారు. అందరూ నవ్వారు. సాయంత్రం శ్రీకాకుళం హోటల్‌కు చేరుకున్నాం. నా కాగితం నిమిషం తప్పకుండా నడుస్తోంది.

రెండో రోజు ఉదయం హోటల్‌లో ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి దగ్గరుండి వడ్డించాను. వైశాలి గారు మాత్రం మంచినీళ్లు తాగి ఊరుకున్నారు. "కల్లు పొద్దున్నే బాగుంటుందని విన్నాను. మనకు ఆలస్యం కావడం లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. "అంతా ప్లాన్ ప్రకారమేనండీ" అన్నాను. తోపుకు చేరేసరికి తొమ్మిదిన్నర.

అప్పన్న లేడు. ఆయన భార్య పైడమ్మ కుండలు కడిగి కంచె మీద బోర్లిస్తోంది.

"ఇప్పుడా రావడం?" అంది. "మీకోసమని మంచి సెట్టుది ఒక కుండ అట్టిపెట్టినాడు. ఎనిమిది దాకా రోడ్డేపు సూస్తానే ఉన్నాడు. పుల్లబడిపోనాదని పారబోసీసి, అవతల తోపుకి ఎల్లిపోనాడు."

"పారబోశాడా! అదే కాస్త పోయొచ్చు కదా?"

"పుల్లబడింది సుట్టాలకి పోస్తాడేటి? రేపు రండి, ఆరింటికి."

రేపు సీతంపేట ఉంది. బస్సులో ఎనిమిదిమంది కిటికీల్లోంచి తాటిచెట్ల ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ క్షణంలో నేను బస్సెక్కి 'నేను ఆలస్యం చేశాను, ఈ రోజు కల్లు లేదు' అని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ రెండు ముక్కలు నా నోటికి రాలేదు. నెల రోజులు చెక్కుకున్న కాగితం మీద కొట్టివేత పడటం నేను చూడలేకపోయాను.

రమణను పక్కకు పిలిచాను. "వచ్చే దారిలో కొట్టు ఉంది కదా, వెళ్లి రెండు క్యాన్లు తే."

వాడు నా వైపు విచిత్రంగా చూశాడు. "అది కలిపిన సరుకు గురూగారూ. నిన్నటిదో, మొన్నటిదో. ఏదైనా తాగీసే మా మావే తాగడు."

"వీళ్లకేం తెలుస్తుంది రా! వెళ్లు."

పైడమ్మను, ఫొటో తీసుకోవడానికి అని చెప్పి, ఒక కుండ అడిగాను. ఆమె కడిగిన వాటిలో శుభ్రమైనది ఏరి, చెంగుతో తుడిచి మరీ ఇచ్చి, చేపల బేరానికి వెళ్లిపోయింది.

తాటాకు దొన్నెల్లో కల్లు పోశాం. నేను అప్పన్న గురించి ఉపన్యాసం ఇచ్చాను. చెప్పినదంతా నిజమే, దొన్నెలో ఉన్నది తప్ప. వైశాలి గారు వాసన చూశారు. ఒక గుక్క నోట్లో పట్టి, ఉమ్మి, మళ్లీ ఇంకో గుక్క తీసుకున్నారు.

"సూరిబాబు గారూ, ఈ తీపి చెట్టుది కాదు. నాలుక చివర చేదు మిగులుతోంది. ఇందులో ఏదో కలిపారు."

"లేదండీ, అప్పన్న పొద్దున్నే దించిందే."

ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు. శిష్యులూ రాసుకున్నారు. పైన అప్పన్న పేరు, కింద 'తీపి కలిపిన కల్లు'.

అంతలో అప్పన్న వచ్చాడు. భుజం మీద చెట్టెక్కే మోకు, నడుముకు కత్తి. తన కుండ, దొన్నెలు, జనం చూసి మొహం వికసించింది. వచ్చేసినారా అంటూ ఒక దొన్నె అందుకుని మూతి దగ్గర పెట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, ఇసకలో ఉమ్మాడు.

"ఇది నాది కాదు" అన్నాడు.

ఆయనకు హిందీ రాదు. వాళ్లకు తెలుగు రాదు. వాళ్ల మధ్య ఉన్న నోరు నాదొక్కటే.

"ఏమంటున్నారు?" అని అడిగారు వైశాలి గారు.

"ఇది రెండో చెట్టుది, మొదటి చెట్టంత బాగుండదు అంటున్నాడు" అన్నాను.

అప్పన్న నా మొహంలోకి చూశాడు. "ఏటి సెప్పినావు బాబూ ఆవిడికి?"

"బాగుందని చెప్పాను."

ఆయనకు అర్థమైపోయింది. అప్పటిదాకా నన్ను నువ్వు అనేవాడు. "తవరు సెప్పినాక మరేటున్నాది" అని, మోకు సర్దుకుని, ఇంటి వైపు నడిచాడు.

నేను చేసిన పిచ్చిపని ఇంకొకటుంది. మిగిలిన కల్లు పారబోయడం ఎందుకని, అటుగా పోతున్న ఇద్దరు పడవల వాళ్లకు ఇచ్చేశాను, అప్పన్న కుండతో సహా.

మధ్యాహ్నం కళింగపట్నంలో భోజనాలయ్యాక, అతిథులు లైట్‌హౌస్ వైపు వెళ్లారు. నేను ఒడ్డున చేపలు ఎండబెట్టే చోట నీడ పట్టున కూర్చున్నాను. అప్పన్న కనిపించాడు, కావిడికి రెండు ఖాళీ కుండలతో. చేపల వ్యాపారం చేసే ఎర్రమ్మ అని ఒక ఆవిడ, ఆ ఒడ్డంతటికీ వినపడే గొంతుతో అందుకుంది.

"ఏటప్పన్నా! నీ తాడిసెట్టు సక్కిరి కాస్తన్నాదంట! మాకు సెప్పనేదేటి, పంచదార కొనుక్కోవడం మానేద్దుము కదా!"

అక్కడున్న వాళ్లు గొల్లుమన్నారు. వల బాగు చేసుకుంటున్న ఒకతను తలెత్తకుండానే, "మా అన్నదమ్ములు తాగి ఉమ్మీసినారు మావా. సాక్రీను కలిపీసినావంట. రేపటి నుండి నాకు పొయ్యకు" అన్నాడు.

అప్పన్న అడుగు ఆపాడు. పేరు పెట్టి నన్ను చూపిస్తే సరిపోయేది, నేను పది గజాల దూరంలో ఉన్నాను. నా వైపు చూశాడు కూడా. చూసి, కావిడి భుజం మార్చుకుని వెళ్లిపోయాడు. ఆయన నన్ను కాపాడాడని నాకు తర్వాత అర్థమైంది. తన తోపుకు వచ్చిన మనిషి పరువు నలుగురిలో తియ్యకూడదు అనుకున్నాడు. నేను ఆయన పరువు పొద్దున్నే తీశాను.

నేను లేచి లైట్‌హౌస్ దగ్గరకు వెళ్లాను. వైశాలి గారితో జరిగిందంతా చెప్పాను. తొమ్మిది అని రాసుకున్నదీ, కొట్టు కల్లూ, కుండా, మార్చిన మాటా. ఆవిడ కోప్పడతారనుకున్నాను.

"నాసిక్‌లో ఎండ ఎక్కక ముందే ద్రాక్ష కోస్తారు. మేం చీకట్లో లేచి వెళ్తాం" అన్నారు. "మీరు ఆరింటికి అని ఒక్క మాట చెబితే ఐదున్నరకే అక్కడుండేవాళ్లం. మాకు అట్టు పెట్టాలని మీరు ఆయన చెట్టును ఆగమన్నారన్నమాట."

"అవునండీ."

"నా పుస్తకంలో రాసింది కొట్టేస్తాను. కానీ ఆయనతో ఎవరు చెబుతారు?"

ఆవిడ అడగక ముందే నాకు తెలుసు. నాలుగో రోజు భావనపాడు విశ్రాంతిని ఎత్తేశాను. జీలుగును ఆ రోజుకు జరిపాను. మూడో రోజు ఉదయం ఖాళీ అయింది. ఇలా జరుపుకోవడానికి వదిలే ఖాళీని మా వృత్తిలో బఫర్ అంటారు. ఆ ప్రయాణంలో బఫర్ వదలలేదు, అంత నమ్మకం నా కాగితం మీద.

సాయంత్రం ఎండ వాలాక తోపుకు వెళ్లాను. రెండో పూట గీతకు అప్పన్న మోకు బిగించుకుంటున్నాడు.

"అప్పన్నా, తప్పు నాది" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"రేపు ఆరింటికి తీసుకొస్తాను. నువ్వు కాదంటే తీసుకురాను."

ఆయన చెట్టు మొదట్లో కాలు పెట్టి, మళ్లీ తీసేశాడు. "ఆల్లకి పోస్తాను బాబూ. ఆల్లేటి సేసినారు, ఆల్ల తప్పేటున్నాది? పుణే వోళ్లు ఏటనుకుంటే నాకేటి, రేపు ఎలిపోతారు. ఎర్రమ్మ ఎలిపోదు. ఆ పడవలోళ్లు ఎలిపోరు. నాను బతకాల్సింది ఆల్ల మద్దిని."

"ఏం చెయ్యమంటావు?"

"నాను సెప్తే నమ్మరు. నువ్వే సెప్పు. ఒడ్డు కాడ, పడవలు వచ్చేయేల." కాస్త ఆగి, "నాతో సెప్పినట్టు మెల్లిగా కాదు. ఎర్రమ్మలాగ సెప్పు" అన్నాడు.

మర్నాడు ఐదున్నరకు ఎనిమిదిమందీ ఒడ్డున ఉన్నారు. ఎవరూ టిఫిన్ మాట ఎత్తలేదు. పడవలు వస్తున్నాయి. వలలు దించుతున్నారు, బుట్టలు పట్టుకుని ఆడవాళ్లు నీళ్లలోకి దిగుతున్నారు. మైకు పట్టుకుని బస్సులో ఏళ్ల తరబడి మాట్లాడిన వాణ్ని, మొదటి మాట కోసం తడుముకున్నాను. చివరికి గట్టిగానే చెప్పాను. నిన్న మీవాళ్లు తాగింది అప్పన్నది కాదని, కొట్టుదని, కుండ పైడమ్మను మోసం చేసి తీసుకున్నానని, కలిపింది అప్పన్న కాదని, తప్పు నాదని.

ముందుగా ఎర్రమ్మే అందుకుంది.

"ఓరి నాయినో! సూత్తే పెద్దమనిసిలాగున్నావు, ప్యాంటూ షర్టూ ఏసుకుని! ఆడి కుండలో ఎవులదో పోస్తావా? రేపు నా బుట్టలో కుళ్లిన సేప ఏసి, ఎర్రమ్మదే అంటావేటి?"

"అనను అమ్మా."

"అనవు! నానుండగా అంటావా?" అని, వల దగ్గరి మనిషి వైపు తిరిగింది. "ఒరే, ఇన్నావు కదా? ఎల్లు, ఎల్లి మీ మావ కాళ్ల మీద పడు. ఉమ్మీసినోడివి నువ్వే."

"నాను కాదు, మా తమ్ముడు" అంటూ అతను తోపు వైపు మా కంటే ముందే నడిచాడు.

అప్పుడే ఎండ పొడ తగులుతోంది. అప్పన్న దిగుతున్నాడు. మూడు చెట్ల కల్లు మూడు కుండల్లో విడివిడిగా పెట్టాడు. ఒకటి కాయలు కాయని పోతు తాడిది, రెండు కాయలు కాసే పండు తాళ్లవి. దొన్నెలు నింపే ముందు, ప్రతి కుండలోంచీ ఒక గుక్క తీసుకుని, నోట్లో తిప్పి, పక్కకు ఉమ్మాడు. వైశాలి గారు చెయ్యి పైకెత్తి శిష్యులను ఆపారు.

"ఈయన ఎందుకు ఉమ్ముతున్నారో అడగండి" అన్నారు.

అడిగాను.

"మరేటి సెయ్యాల? పదేసి సెట్లెక్కాల పూటకి. ప్రతి సెట్టుదీ సూసుకోవాల. తాగీస్తే నాను దిగుతానా, పడతానా?" అన్నాడు.

మాట మాట పోకుండా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. శిష్యుల వైపు తిరిగి, "మీకు నేను మూడేళ్లుగా చెబుతున్నది ఇదే. ఈయనకు ఎవరూ చెప్పలేదు" అన్నారు. అప్పన్నకు అర్థం కాక నా వైపు చూశాడు. చెప్పాను. "ఆవిడా సెట్లెక్కుతాదేటి?" అన్నాడు. అదీ చెప్పాను. అప్పుడు నవ్వారు, అందరూ.

ఆ తర్వాతి గంటను నేను నా జీవితంలో మర్చిపోను. మొదటి కుండలో కొబ్బరి నీళ్ల లాంటి చల్లని తీపి. రెండోదానిలో తీపి కింద సన్నని పులుపు. మూడోది, ఒడ్డుకు దగ్గరి చెట్టుది, చివర్లో ఉప్పు తగులుతుందని ఒక శిష్యురాలు అంది. అప్పన్న ఆ అమ్మాయిని మెచ్చుకోలుగా చూశాడు. "ఆ సెట్టుకి ఉప్పుగాలి తగుల్తాది. కళ్లు మూసుకుని కనిపెట్టీసినాది!" అన్నాడు. ఆయన మాట తెలుగులో, వాళ్ల మాట హిందీలో. చెట్టు వయసు, గెలను ఎంత పలుచగా చెక్కాలి, గాలి ఎటు తిరిగితే ధార ఎలా మారుతుంది అని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆయన చెబుతూనే ఉన్నాడు. పనితనం తెలిసిన ఇద్దరి మధ్య నిలబడి మాట మోయడం కంటే గౌరవమైన పని నేనెప్పుడూ చేయలేదు. ఏడు కాగానే అప్పన్న కుండల మీద మూతలు పెట్టేశాడు. "ఇంక చాలు. ఇప్పుడిది నాది కాదు, ఎండది" అన్నాడు.

మర్నాడు సీతంపేట కొండల్లో జీలుగు కూడా బాగుంది. వెళ్లేటప్పుడు వైశాలి గారు, నాసిక్ టూర్ కంటే ఇక్కడే తన శిష్యులు ఎక్కువ నేర్చుకున్నారని అన్నారు. ఆ మాట నాకు చెందదు. చెందాల్సిన మనిషికి చేరవేశాను.

ఆ ఏడు నుంచి ఐటినరరీ రాసే పద్ధతి మార్చాను. కళింగపట్నం రోజు గంటలు నేను రాయను. ఆ గడి ఖాళీగా ఉంచి, ముందు రోజు సాయంత్రం అప్పన్న ఏం చెబితే అది రాస్తాను. టిఫిన్ దాని తర్వాత. పైడమ్మకు నిజం నేనే చెప్పాను. ఆమె నాతో రెండు సీజన్లు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ కుండ మాత్రం నా చేతికి ఇవ్వదు.

ఈ ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి పన్నెండుమంది వచ్చారు. ఐదున్నరకు బస్సులో అందరూ ఎక్కాక అప్పన్న ఫోన్ చేశాడు. "ఇయ్యాల పొయ్యను బాబూ. తెల్లారగట్ల జల్లు పడ్డాది. కుండల్లోకి నీరు దిగిపోనాది. పారబోసీసినాను."

నేను లేచి నిలబడి, ఈ రోజు కల్లు లేదని చెప్పాను. గొణిగారు. ఒకాయన, ఇంత దూరం వచ్చాం, చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదా అని అడిగాడు. దొరుకుతుందండీ, కానీ అది అప్పన్నది కాదు అన్నాను. అయినా తోపుకే తీసుకెళ్లాను. పైడమ్మ తేగలు ఉడకబెట్టి పెట్టింది. అప్పన్న తడిసిన కుండలు చూపిస్తూ, ఎందుకు పారబోశాడో, నీళ్లు చేరిన కల్లు నాలుక మీద ఎలా తెలిసిపోతుందో చెప్పుకొచ్చాడు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. మధ్యలో ఆయన నా వైపు వేలు చూపించి, "ఈ బాబు ఒకపాలి నా కుండలో ఎవులదో కల్లు పోసీసినాడు" అన్నాడు.

అదీ చెప్పాను.